నిరూపించవలసినది

నవంబరు 18

మందుల నోటుబుక్కు వేరే ఉంది. బీపీ ఎంత, ఎన్నింటికి లేచారు, ఎన్ని ఇడ్లీలు తిన్నారు, రాత్రి ఎన్నిసార్లు పక్క తిప్పాను, అన్నీ అందులో ఉన్నాయి. అది డాక్టరు చూసే పుస్తకం. ఇది ఎవరూ చూడరు.

ఆయనకు పక్షవాతం వచ్చి నేటికి అరవై మూడు రోజులు. స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. కాలు కొంచెం వచ్చింది. పట్టుకుంటే హాలు దాకా నడుస్తున్నారు. చెయ్యి రాలేదు. మాట "ఊఁ" దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్లు చిత్తూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో లెక్కలు చెప్పిన మనిషి. చివరి బెంచీ పిల్లలు కూడా నిద్రపోలేనంత పెద్ద గొంతు.

శుక్రవారం తిరుపతిలో చాందిని నన్ను పక్కకు పిలిచింది. ఆసుపత్రిలో మాటకు వ్యాయామాలు చేయించే అమ్మాయి. మా అమ్మాయి మోహన కంటే చిన్నది.

"ఆంటీ, ఇంట్లో అంకుల్‌తో మాట్లాడతాండారా?"

"మాట్లాడతానే ఉంటానమ్మా."

"ఏమని?"

"కాఫీ కావాలా, పక్కకు తిరుగుతారా, ఫ్యాను తగ్గించేదా..."

"అవి మాటలు గాదు ఆంటీ, పనులు. ఆయనకు బాగా ఇష్టమైంది ఏంది?"

"లెక్కలు."

"అయితే లెక్కలే మాట్లాడండి."

బస్సులో చిత్తూరు వచ్చేదాకా ఆలోచించాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో మేము మాట్లాడుకున్నవి కూడా దాదాపు పనులే.

నవంబరు 21

ఆయన సంచిలో పదో తరగతి పుస్తకం ఉంది. త్రికోణమితి దగ్గర సుద్దముక్క పెట్టి మూసినట్టున్నారు, ఆ పేజీ తెల్లగా పొడి పట్టి ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టాను.

నేను నగరిలో తొమ్మిదో తరగతితో ఆపేశాను. మగ్గం మీద కూర్చునేవాళ్లకు అంతకంటే ఎందుకన్నాడు నాయన. కాబట్టి ఇదంతా నాకు కొత్త. పూర్తిగా కొత్త కూడా కాదు. ముందు గదిలో ట్యూషను జరుగుతుంటే వంటింట్లోకి వినపడేది. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఈజీక్వల్టు వన్ అని పిల్లలు అరుస్తుంటే దానికి తగ్గట్టు నేను రోట్లో పచ్చడి నూరేదాన్ని. అది ఏమిటో మాత్రం తెలియదు.

లంబకోణ త్రిభుజం. లంబకోణం ఉన్న మూలకు ఎదురుగా ఉన్న ఏటవాలు గీత కర్ణం. కోణానికి ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్. పక్క భుజాన్ని కర్ణంతో భాగిస్తే కాస్. పలక మీద మూడు, నాలుగు, ఐదు సెంటీమీటర్లతో ఒకటి గీశాను. ఆరు, ఎనిమిది, పదితో మరొకటి. ఆయన స్కేలుతో కొలిచాను. త్రిభుజం పెద్దదైనా సైన్ మారలేదు. మూడు బై ఐదు, ఆరు బై పది, ఒకటే.

ఇంత మంచి సంగతిని ఆయన ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరికీ చెప్పారు.

నవంబరు 29

సైన్ బై కాస్ అంటే టాన్ అని చదివి వినిపించాను. తల ఊపారు. స్పష్టంగా ఊపారు.

డిసెంబరు 8

సర్వసమీకరణాలకు వచ్చాను. ఎడమ వైపు ఒకటి ఇస్తారు, కుడి వైపు ఒకటి ఇస్తారు, రెండూ సమానమని నిరూపించాలి. నాకు చాలా సులువనిపించింది. పొదుపు సంఘం పుస్తకాలు పదిహేనేళ్లు రాసినదాన్ని, రెండు పక్కలూ కలపడం నాకు కొత్త పని కాదు. ఇటు నుంచి కొంచెం అటు పంపాను, అటు నుంచి కొంచెం ఇటు తెచ్చాను, రెండు వైపులా హెచ్చవేశాను, కొట్టేశాను. చివరికి ఒకటి ఈజీక్వల్టు ఒకటి అని వచ్చింది. ఆయనకు చూపించాను. తల ఊపారు.

మధ్యాహ్నం మోహన వచ్చింది. తిరుపతిలో యూనివర్సిటీ ఆఫీసులో పని, ఆదివారాలు వస్తుంది. బీయస్సీ లెక్కలు చదివిన పిల్ల. నా లెక్కల నోటుబుక్కు చూసి నవ్వింది.

"అమ్మా, ఇదంతా తప్పు."

"రెండు పక్కలా కలిసింది గదే?"

"కలిసిందని నువ్వు మొదటి వరుసలోనే రాసేసినావు. నిరూపించాల్సిందాన్ని ముందే నిజమని పట్టుకుంటే ఇంక నిరూపించేది ఏముండాది? రెండు పక్కలా సున్నాతో గుణించు, ఏ అబద్ధమైనా కలుస్తాది."

"మరెట్ల సేయాల?"

"ఎడమ పక్క ఒక్కటే తీసుకో. కుడి పక్కను ముట్టుకోవద్దు. నడుచుకుంటా నడుచుకుంటా ఆడికి నువ్వే పోవాల. ఇట్ల రాస్తే నాయన ఉన్నింటే పలక గిరాటేసేవాడు."

"ఉండాడు గదా. ఈడనే ఉండాడు."

మోహన లేచిపోయి వాళ్ల నాయన దుప్పటి సర్దింది.

డిసెంబరు 10

ఒక పాత పెళ్లిపత్రిక తీసుకుని కుడి వైపును మూసిపెట్టి చేస్తున్నాను. చాలా కష్టం. ఎక్కడికి చేరాలో తెలిసి కూడా తెలియనట్టు నడవాలి. అయినా మూడు చేశాను. మూడింటికీ తల ఊపారు.

డిసెంబరు 14

ఈ వారం మొత్తం ఇరవై రెండు సార్లు ఊపారు. ఊపనివి మూడు. ఆ మూడూ భోజనం తర్వాత, నిద్ర వచ్చే సమయంలో. వాటిని లెక్కలోంచి తీసేశాను.

ఆయనకు అంతా తెలుస్తోంది. లోపల అన్నీ పదిలంగా ఉన్నాయి, బయటికి వచ్చే దారే మూసుకుంది. ఇది నాకు రూఢిగా తెలుసు.

డిసెంబరు 20

ఈ రోజు చాందిని బొమ్మల అట్టలు పెట్టింది. తాళంచెవి చూపించి "ఇది తాళంచెవా అంకుల్?" అంది. ఊపారు. లోటా చూపించి "ఇది ఏనుగా?" అంది. దానికీ ఊపారు. ఏనుగు కాదండీ అన్నట్టు నేను చూశాను. ఊపడం ఆపారు.

ఆయనను వీల్‌చైర్లో వరండాలోకి పంపించి చాందిని నాతో మెల్లగా మాట్లాడింది.

"ఏమనుకోవద్దు ఆంటీ. ఆయన కంటే ముందు మీరు తల ఊపతాండారు."

"నేనా?"

"మీరే. మీ ముఖం సూసి ఆయన ఊపతాండారు. రోజూ ఇంట్లో గూడా ఇట్లనే ఉంటాది."

ఫిబ్రవరి చివరి శుక్రవారం రివ్యూ అట. అర్థం చేసుకునే శక్తి ఎంత ఉందో అప్పుడు రాయాలట. అది లేదని తేలితే మాట కోసం చేయించేవి ఆపేసి, తినడం, కూర్చోవడం, అంతవరకే చూస్తారట.

"మీరు రాసుకున్నది తీసుకరండి ఆంటీ. ఇంట్లో కనపడేది మాకు ఈడ కనపడదు. కాకుంటే..."

"కాకుంటే?"

"ఉన్నది రాయండి."

పదిహేనేళ్లు సంఘం పుస్తకాలు రాశాను. ఉన్నది రాయమని నాకు ఎవరూ చెప్పవలసి రాలేదు.

డిసెంబరు 21

ఆయన తల ఊపారు. నేను ఊపలేదు.

డిసెంబరు 22

కొంచెం ఊపి ఉంటాను.

జనవరి 3

పలమనేరు నుంచి సిద్ధమ్మ వదిన వచ్చింది. ఆయనకు అక్క, పదేళ్లు పెద్దది. క్యానులో పాలు, డబ్బాలో పాలకోవా, కొంగున కట్టిన విభూతి. లోపలికి వస్తూనే తమ్ముడి ఒళ్లో పలక చూసింది.

"ఏందే పంకజా, నా తమ్మునికి మందులిస్తాండావా, పరీక్ష పెడతాండావా?"

"లెక్కలు సూపిస్తాండాను వదినా. సూస్తే బాగుపడతాడని."

"వాడు బాగుపడేది దేవునికి తెలుసు. నువ్వు మాత్రం కలెక్టరు అయ్యేట్టుండావు." ఆయన గడ్డం పట్టుకుని, "ఏమబ్బోడా, పెండ్లాం పాఠం సెప్తాంటే వింటాండావా? ఇన్నేండ్లూ నువ్వు ఊరికంతా సెప్తివి, ఇప్పుడు నీ వంతు" అంది.

ఆయన తల ఊపారు.

"సూసినావా! సిన్నప్పుడు గూడా అంతే. మాయమ్మ ఏం సెప్పినా తల ఊపేసేవాడు, తన పని తను సేసుకునేవాడు. ఆవును కట్టేసినావా అంటే ఊపేవాడు. ఆవు ఎవురి సేనులోనో మేస్తా ఉండేది."

నవ్వాను. వదిన వెళ్లాక నవ్వు రాలేదు.

జనవరి 11

ఇదంతా తేల్చుకోవాలనుకున్నాను. అనుకుని నాలుగు రోజులైంది. ఈ రోజు చేశాను.

పలక మీద పెద్ద అక్షరాలతో సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా ఈజీక్వల్టు రెండు అని రాశాను. రెండు. పదో తరగతిలో ఎంత మొద్దు పిల్లవాడైనా అది ఒకటి అని చెబుతాడు. పలక ఆయన ఒళ్లో పెట్టి, నేను వెనక్కి వెళ్లి, కిటికీ వైపు తిరిగి నిలబడి, "ఇది సరేనా?" అని అడిగాను. నా ముఖం ఆయనకు కనపడదు. కిటికీ అద్దంలో ఆయన కనపడతారు.

తల ఊపారు.

జనవరి 12

పలక అటక మీద పెట్టాను.

జనవరి 19

మందుల నోటుబుక్కు రాస్తున్నాను. దీనిలో రాయడానికి ఏమీ లేదు.

ఆయన అనే మాటలు మరచిపోకముందే ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించింది. సాంబారులో ఉప్పు తక్కువైతే "నిరూపించవలసింది ఇంకా ఉంది పంకజం" అనేవారు. కరెంటు పోతే "ఎవరు ముట్టుకున్నారు మెయిను?" అని ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా అడిగేవారు. చెప్పులు విడిచే ముందు గేటు దగ్గరే దగ్గేవారు. దగ్గు మాట కాదు గాని, రాస్తున్నాను.

ఇంకొకటి. పెళ్లైన రెండో ఏడు, ముందు గదిలో పదిమంది పిల్లలు కూర్చుని ఉంటే నేనూ వెనక చాప వేసుకుని కూర్చునేదా అని అడిగాను. "ఏం, పోటీకా?" అని నవ్వారు. వెటకారం కాదు. ఆయన నవ్వే అంత. మరునాడు అడగలేదు. ఆయనా మళ్లీ రమ్మనలేదు. అప్పుడు నాకు ఇరవై. ఆయన గొంతు గోడ అవతల నుంచే విన్నాను, అది చాలనుకున్నాను. ఇప్పుడు గోడా లేదు, గొంతూ లేదు. ఎదురుగా కూర్చుంటే ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో కూర్చున్నట్టుంది. ఆ ఇంటాయన బయటికి పోయాడు, ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడు.

జనవరి 24

తిరుపతి బస్సులో కండక్టరు మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. "సార్!" అని వంగి ఆయన కాళ్లు తాకాడు. వెనక వాళ్లు టికెట్, టికెట్ అంటున్నా వినలేదు. పేరు మురుగేష్. ఇరవై ఏళ్ల కిందట ఆయన దగ్గర పదో తరగతి చదివాడట. కాణిపాకం అడ్డరోడ్డు దాటి బస్సు కొంచెం తేలికపడ్డాక మా సీటు పక్కన కంబీ పట్టుకుని నిలబడ్డాడు.

"సార్‌కు మాట రాలేదామా?"

"లేదప్పా. తల ఊపతాడు, అంతే. దేనికైనా ఊపతాడు. తప్పు రాసిపెట్టి సూపించినా ఊపినాడు."

మురుగేష్ పెద్దగా నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

"ఏందప్పా నవ్వేది?"

"కాదుమా, సార్ ఎప్పుడూ అంతే గదా! ఒకసారి నేను బోర్డు మీద టాన్ అంటే కాస్ బై సైన్ అని తలకిందులుగా రాసినాను. అట్లే బోర్డు నిండా రాసుకుంటా పోయినాను. సార్ ఎనక నిలబడి తల ఊపతానే ఉండాడు. నేను పెద్ద మొనగాడిని అనుకున్నాను. అంతా రాసినాక, 'ఐపోయిందా మురుగేశా? ఇప్పుడు మొదటి నుంచి నువ్వే గెట్టిగా సదువు' అన్నాడు. సదివితే మూడో వరసలో నాకే సిగ్గేసిందిమా."

"నడమలో తప్పని సెప్పలేదా?"

"యాడ సెప్తాడు! 'నడిచేవాన్ని ఆపితే యాడికి పోతాడో ఎట్ల తెలుస్తాది' అనేవాడు. సార్ తల ఊపితే కరెక్టని కాదుమా. ఊఁ, ఇంకా పో అని."

ఆయన కిటికీలోంచి మామిడి తోటలు చూస్తున్నారు. వింటున్నారో లేదో తెలియలేదు. చూసి తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నేను చూస్తే ఊపుతారు.

జనవరి 25

పలక దించాను.

ఆ రోజు నేను పెట్టిన పరీక్షే తప్పు. ఒక్క వరుస రాసి సరేనా అన్నాను, ఊపగానే పలక లాక్కున్నాను. తల ఊపడం ఆయనకు అర్థమైందనడానికి రుజువు కాదు. అర్థం కాలేదనడానికీ కాదు.

ఇక నుంచి ఇలా. ముందు నోటుబుక్కులో లెక్క మొత్తం చేస్తాను. తర్వాత అదే పలక మీద ఎత్తి రాస్తాను. సాయంత్రం కాఫీ అయ్యాక పలక ఆయనకిచ్చి గది వదిలి వెళ్లిపోతాను. సరేనా అని అడగను. అరగంట తర్వాత వచ్చి తీసుకుంటాను. పొద్దున్నే పలకనూ నోటుబుక్కునూ పక్కపక్కన పెట్టి వరుస వరుసా సరిచూసి, అప్పుడు తుడుస్తాను.

జనవరి 30

ఏమీ లేదు.

ఫిబ్రవరి 3

ఏమీ లేదు. పలక ఒళ్లో ఉంది, ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. పప్పు అడుగంటింది.

ఫిబ్రవరి 7

ఏమీ లేదు. చాందిని అడిగితే ఏమీ లేదనే చెప్పాను. "పర్వాలేదు ఆంటీ" అంది. పర్వాలేదనే మాట వైద్యులు అనకూడదు.

ఫిబ్రవరి 12

ఈ రోజు లెక్క నాకు చాలా నచ్చింది. ఒకటి బై ఒకటి మైనస్ సైన్ తీటా. దానికి ఒకటి బై ఒకటి ప్లస్ సైన్ తీటా కలపాలి. అది రెండు సెక్ స్క్వేర్ తీటాకు సమానమని చూపించాలి. సెక్ అంటే ఒకటి బై కాస్. పైన సైన్లు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రెండు మిగిలింది. కింద రెండు కుండలీకరణాలు గుణిస్తే కాస్ స్క్వేర్ వచ్చింది. ఐదు వరుసల్లో చేరాను. పెళ్లిపత్రిక తీసి చూస్తే కుడి వైపు అచ్చు అదే ఉంది. ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. పలక మీద అందంగా ఎత్తి రాశాను.

ఇచ్చి, మిద్దె మీద బట్టలు తీయడానికి పోయాను. వచ్చేసరికి పలక నడుమ అంతా పూసిపెట్టారు. బొటనవేలికి తెల్లగా పొడి, పంచెకు పొడి.

"ఏందండీ ఇది? అంత కష్టపడి రాస్తే ఇట్ల సేస్తిరే!" అన్నాను. గట్టిగానే అన్నాను. జబ్బు చేశాక ఆయన మీద గొంతు పెంచడం ఇదే మొదటిసారి. తడిగుడ్డ తెచ్చి వేలు తుడిచాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అన్నం తినేటప్పుడు కూడా నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 13, పొద్దున

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఎప్పటిలాగే పలకను నోటుబుక్కు పక్కన పెట్టాను. ఒకటో వరుస సరిపోయింది. రెండో వరుస సరిపోయింది. మూడో వరుసలో నోటుబుక్కులో ఒకటి ప్లస్ సైన్ స్క్వేర్ అని ఉంది. పలక మీద ఒకటి మైనస్ సైన్ స్క్వేర్ అని ఉంది.

మొదట నేనే ఎత్తి రాయడంలో తేడా చేశాననుకున్నాను. కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూశాను. పలక మీద కూడా నేను ప్లస్సే రాశాను. నిలువు గీత ఉన్న చోట వేలు రాసిన మరక ఉంది. గీత పైకొస, కింది కొస పేనంత మిగిలి ఉన్నాయి. అడ్డగీత అలాగే ఉంది. చుట్టూ పొడి పూసుకుంది గాని మిగతా అక్షరాలు ఒక్కటీ పోలేదు.

అక్కడ ఉండవలసింది మైనస్సే. ఒకటి మైనస్ సైన్ స్క్వేర్ అయితేనే కాస్ స్క్వేర్ అవుతుంది. నేను ప్లస్ వేసి, కింది వరుసలో మాత్రం చేతి అలవాటున కాస్ స్క్వేర్ అని సరిగ్గా రాశాను. చివర కలిసింది గదా అని నడుమ చూడలేదు.

ఆ తప్పు అక్కడ ఉందని నాకు తెలియదు. నాకు తెలియనిదాన్ని నా ముఖం ఎలా చెబుతుంది? పైగా నేను మిద్దె మీద ఉన్నాను.

పలక పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. ఇది మీరేనా అని నోటి దాకా వచ్చింది. అడగలేదు. ఊరికే ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బొటనవేలు గోరులో ఇంకా కొంచెం బలపం పొడి ఉంది. కాసేపటికి కాఫీ పొంగిపోయిన వాసన వచ్చింది.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

మోహనకు ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అమ్మా, పంచె తగిలి తుడుచుకుపోయిందేమో."

"నిలువు గీత ఒక్కటేనా?"

"...ఒక్కసారి జరిగింది రుజువు కాదుమా."

"తెలుసు. నువ్వు సెప్పినదే గదా. అందుకే ఫోను సేసినాను. శనివారం రా."

ఫిబ్రవరి 16

పద్ధతి ఇది. లెక్కలు మోహన రాస్తుంది, నేను చూడను. నేను ఎత్తి రాస్తానంటే మోహన వద్దంది. "ఇప్పుడు నీకు తప్పు కండ్లకు కనపడతాదిమా. నువ్వు గూడా పాడైపోతివి" అంది. అది విని నాకు ఎంత సంతోషమైందో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

మొత్తం పది పలకలు. కొన్నింటిలో నడుమ ఒక తప్పు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఏవి ఏవో మోహనకే తెలుసు. రాసి ఆయనకిచ్చి తనూ బయటికి వచ్చేస్తుంది. ఇద్దరం వంటింట్లో కూర్చుంటాం. అరగంట తర్వాత తను వెళ్లి చూసి చీటీలో రాసుకుంటుంది. పది అయ్యేదాకా నాకు చెప్పదు. ఈ రెండు రోజుల్లో ఐదు అయ్యాయి.

వంటింట్లో కూర్చుంటే మోహన చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నాయన నాకు ఎప్పుడూ వంద మార్కులకు తక్కువొస్తే మాట్లాడేవాడు గాదు. ఇప్పుడు ఆయనకే నేను మార్కులేస్తాండాను" అంది. నవ్వుతూనే అంది. చిక్కుడు గింజలు తొక్కల గిన్నెలో వేసి, తొక్కలు గింజల్లో వేసింది.

ఫిబ్రవరి 23

చివరి పలక అయ్యాక మోహన చీటీ నా చేతికిచ్చింది.

తప్పు ఉన్న పలకలు ఏడు. నాలుగింటిలో ఆయన సరిగ్గా తప్పు ఉన్న చోటే వేలితో తుడిచారు. మూడింటిని ముట్టుకోలేదు.

తప్పు లేని పలకలు మూడు. మూడింటిలో దేన్నీ తుడవలేదు.

మోహన వాళ్ల నాయన దగ్గరకు వెళ్లి, మంచం పట్టీ మీద కూర్చుని, భుజానికి తల ఆనించింది. పెళ్లి కాకముందు కూడా అలా కూర్చున్నది నాకు గుర్తులేదు. నేను చీటీని ఈ పుస్తకంలో దాచాను.

ఫిబ్రవరి 28

రివ్యూ. చాందిని తన అట్టలతో గంటసేపు చూసింది. తాళంచెవికి ఊపారు, ఏనుగుకు ఊపారు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. చివరకు కాగితాలు ముందు పెట్టుకుని నన్నడిగింది.

"సెప్పండి ఆంటీ. ఆయనకు అర్థమవుతాందా?"

డిసెంబరులో ఈ మాట అడిగి ఉంటే అంతా అర్థమవుతోంది అనేదాన్ని. జనవరిలో అయితే ఏడ్చేదాన్ని.

"ఏడింటిలో నాలుగు" అన్నాను.

లెక్కల నోటుబుక్కు, ఆ పొద్దున తుడిచేముందు తీసిన పలక ఫోటో, మోహన చీటీ ముందు పెట్టాను. చాందిని అన్నీ చూసింది. ప్లస్సు దగ్గర ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "నేను అట్టలు మార్చాల ఆంటీ" అంది. "తాళంచెవులు, లోటాలు ఆయనకు విసుగేమో." మాట కోసం చేయించేవి ఆపడం లేదు. ఇంకో మూడు నెలలకు రాసింది. మాట వస్తుందని మాత్రం చెప్పలేనంది. నేనూ చెప్పమనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన నిద్రపోయారు. తల నా భుజం మీదికి ఒరిగింది. నాలుగు సరే. మిగతా మూడు పలకల దగ్గర ఆయన ఎక్కడ ఉన్నారో, అక్కడికి ఏ దారో నాకు తెలియదు. దారిపొడుగునా అదే ఆలోచించాను.

మార్చి 2

ఈ రోజు లెక్క నాకు రాలేదు. పొద్దున నుంచి నాలుగు సార్లు మొదలుపెట్టాను. మూడో వరుస తర్వాత దారి కనపడడం లేదు. కుడి వైపు చూస్తే తెలిసిపోతుందేమో, చూడలేదు. మోహనకు ఫోను చేయవచ్చు, చేయలేదు.

మూడు వరుసలు పలక మీద రాశాను. నాలుగో వరుస మొదట ఈజీక్వల్టు గుర్తు వేసి, ముందు ఏమీ రాయకుండా వదిలేశాను. పలకను ఆయన ఒళ్లో పెట్టి, బలపం ఎడమ చేతికి అందేట్టు పెట్టి వంటింట్లోకి వచ్చాను.

అరగంట దాటింది. బలపం పలకకు తగిలిన చప్పుడు ఒకసారి విన్నట్టుంది. కింద పడిన చప్పుడు కూడా అలాగే ఉంటుంది. ఇది రాస్తూ కూర్చున్నాను. ఇంకా వెళ్లి చూడలేదు.